రెండు ముద్దల మిత్రల్, ఆరు అచ్చులు: అరుదైన లోహాన్ని దేనికి ఖర్చు పెట్టాలి?

బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ మొదటిసారి ఆడినప్పుడు గ్రిమ్‌ఫోర్జ్ కొలిమిలో, మిత్రల్ అనే అరుదైన లోహపు రెండు ముద్దలతో నేను రెండు కత్తులు పోయించుకున్నాను. ఒకటి లాంగ్‌సోర్డ్, ఇంకోటి సిమిటర్ అనే వంపు కత్తి. ఆట కొంచెం ముందుకు పోయేసరికి రెండూ క్యాంపు పెట్టెలో అడుగున పడ్డాయి. దారిలో వాటికన్నా మంచివి ఊరికే దొరికాయి మరి. మా తమ్ముడు వెనక మంచం మీద పడుకుని అంతా చూస్తున్నాడు. "రెండే ముద్దలుంటే రెండూ కత్తులకే పెట్టినవా? బేకార్ పని" అన్నాడు. వాడు ఆ గేమ్ ముట్టుకోను కూడా లేదు. అయినా వాడన్నదే కరెక్టు.

అప్పటినుంచి హన్మకొండలో మా ఆదివారం బ్యాచ్‌లో ఎవరికి అరుదైన సరుకు దొరికినా ముందు నన్నే అడుగుతారు. దెబ్బ తిన్నవాడికి బాగా తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. నేను మాత్రం లోహం పేరు అడగను. అది ఎందుకు అరుదైందో అడుగుతాను. కొన్ని గేమ్‌లలో లెక్క పెట్టి ఇస్తారు, ఇంతే ఉంది, ఇంకోటి రాదు అని. కొన్నింట్లో లాటరీ, ఆడుతూ పోతే ఎప్పుడో పడుతుంది. ఇంకొన్నింట్లో సరుకు ఎంతైనా ఉంటుంది కానీ తవ్వి మోసుకొచ్చే ఓపిక మనకుండాలి. ఈ మూడింటికీ "రేర్" అనే ఒకే బిళ్ళ అంటిస్తారు. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

లెక్క పెట్టి ఇచ్చే సరుకు

దీనికి గ్రిమ్‌ఫోర్జ్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అడమంటైన్ అనే గట్టి లోహపు కొలిమి చుట్టుపక్కల మిత్రల్ ఖనిజం రెండే చోట్ల ఉంటుంది. అచ్చులు మాత్రం ఆరు: లాంగ్‌సోర్డ్, సిమిటర్, మేస్, షీల్డ్, స్కేల్ మెయిల్ (పొలుసుల కవచం), స్ప్లింట్ (పట్టీల బరువు కవచం). అచ్చు పెట్టి, ఖనిజం వేసి, అడుగున లావా నింపి, పైనుంచి సమ్మెట దించాలి. మధ్యలో గ్రిమ్ అనే కాపలా రాక్షసుడు లేచి వస్తాడు. వాడిని అదే సమ్మెట కింద నిలబెట్టి కొడితే పని సులువు. ఆ పోరాటం గురించి ఇంతకన్నా చెప్పను, ఎవరి గెలుపు వాళ్ళు ఎంజాయ్ చేయాలి.

ముందు కత్తుల సంగతి తేల్చేద్దాం. సిమిటర్, లాంగ్‌సోర్డ్ రెండూ శత్రువుకి కోత దెబ్బల మీదున్న (దెబ్బని సగం చేసే) రెసిస్టెన్స్‌ని పట్టించుకోవు. తలుపులు, పెట్టెల్లాంటి వస్తువుల మీద ప్రతి దెబ్బా క్రిటికలే (రెట్టింపు పాచికల దెబ్బ). వినడానికి బాగుంటుంది. కానీ ఆ రెసిస్టెన్స్ ఉన్న శత్రువు రోజూ ఎదురుపడడు, తలుపుకి సుత్తి ఉన్నా చాలు. మేస్ విషయమూ ఇంతే. పైగా ఇది మొదటి అంకంలో దొరికే సరుకు, ఆట పన్నెండో లెవెల్ దాకా పోతుంది. ఆలోపు ఆయుధాలు చాలా మారతాయి, వంటి మీది కవచం అంత తొందరగా మారదు.

కవచాల్లో స్ప్లింట్ వేసుకున్నవాడికి క్రిటికల్ తగలదు, పడే ప్రతి దెబ్బలో 2 తగ్గుతుంది, దగ్గరికొచ్చి కొట్టినవాడు మూడు టర్న్‌లు తూలుతాడు. స్కేల్ మెయిల్‌కీ క్రిటికల్ తగలదు, కానీ తగ్గేది 1, తూలేది రెండు టర్న్‌లు. తూలే టర్న్‌లు ఎన్ని మిగిలి ఉంటే వాడి గురి అంత తగ్గుతుంది. కాగితం మీద చూస్తే స్ప్లింట్ గెలిచినట్టే.

అక్కడ ఆగి చిన్న లెక్క వేయండి. ఆట మొదట్లో గోబ్లిన్ బాణం 5 కొడుతుంది. అందులో 2 పోతే దాదాపు సగం దెబ్బ పోయినట్టే, నూటికి నలభై. చివర్లో పెద్ద బాస్ 20 కొడితే అదే 2 నూటికి పదే. కాబట్టి దెబ్బ తగ్గే గుణం చూసి కొనేవాడు తొందరగా చేయించుకోవాలి, దాచుకుంటే విలువ కరిగిపోతుంది. క్రిటికల్ తగలకపోవడం మాత్రం చివరిదాకా పనికొస్తుంది. శత్రువు ఇరవై ముఖాల పాచిక వేస్తే ఇరవై పడే అవకాశం ఇరవైలో ఒకటి. అదేం పెద్దది కాదనుకుంటాం. కానీ పోరాటం తలకిందులయ్యేది సాధారణంగా ఆ ఒక్కటితోనే. ఒకే సేవ్‌తో ఆడే ఆనర్ మోడ్‌లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

స్ప్లింట్ ఎవరికి ఇవ్వాలంటే, బరువు కవచం వేసుకునే ట్రైనింగ్ ఉన్న ఫైటర్‌కో పాలడిన్‌కో. గేమ్‌లో మన గుంపులో చేరే కార్లాక్‌లాంటి బార్బేరియన్‌కి ఇవ్వొద్దు, బరువు కవచంలో వాళ్ళ రేజ్ (ఆవేశంతో బలం పెంచుకునే శక్తి) పనిచేయదు. ఆమెకు స్కేల్ మెయిల్ సరిపోతుంది. రెండో ముద్దతో షీల్డ్ చేయించండి. షీల్డ్ పట్టినవాడికీ క్రిటికల్ తగలదు. అందుకే స్ప్లింటూ షీల్డూ ఒకడికే ఇస్తే ఒక రక్షణ రెండుసార్లు కొన్నట్టు అవుతుంది. నా రెండో ఆటలో స్ప్లింట్ ఫైటర్‌కి, షీల్డ్ క్లెరిక్‌కి ఇచ్చాను. వైద్యం చేసేవాడు నిలబడితే మిగతావాళ్ళు లేచి నిలబడతారు. ఈసారి ఆ రెండూ క్యాంపు పెట్టె మొహం చూడలేదు.

అదే గేమ్‌లో ససర్ చెట్టు బెరడు కూడా ఇదే బాపతు. పాడుబడ్డ ఊళ్ళో కమ్మరి వదిలేసిన పనిని పూర్తి చేస్తే బాకు, కొడవలి, పెద్ద ఖడ్గం, ఈ మూడింట్లో ఒకటి చేసుకోవచ్చు. తగిలినవాడి నోరు మూతబడి మంత్రం చదవలేడు. గుణం మూడింటికీ ఒకటే కాబట్టి మీ గుంపులో ఎక్కువసార్లు కొట్టేవాడు ఏది పట్టుకుంటాడో అదే చేయించండి. మా బ్యాచ్‌లో అందరూ కొడవలే చేశారు. వరి కోసే ఊళ్ళ పిల్లలం, ఇంకేం చేస్తాం.

ఎల్డెన్ రింగ్‌లోనూ ఇలాంటి లెక్కే ఉంది, కానీ అక్కడ తొందరపడితే నష్టం. మామూలు ఆయుధం అప్‌గ్రేడ్ చేస్తూ పోతే +25 దాకా పోతుంది. ఎనిమిది తరగతుల రాళ్ళు, తరగతికి పన్నెండు, మొత్తం 96, ఆపైన ఒక ఏన్షెంట్ డ్రాగన్ స్మితింగ్ స్టోన్. ప్రత్యేక ఆయుధాలు సోంబర్ రాళ్ళతో +10 దాకా పోతాయి. తొమ్మిది మెట్లకు మెట్టుకొక రాయి, పదో మెట్టుకు సోంబర్ డ్రాగన్ రాయి. అంటే కొత్తగా దొరికిన విచిత్రమైన కత్తిని పరీక్షించి చూడాలంటే సోంబర్ బాపతే చవక. కింది తరగతి రాళ్ళు, బెల్ బేరింగ్‌లు (అంగడివాడి సరుకు పెంచే వస్తువులు) తెచ్చి ఇస్తే అంగట్లో ఎన్నైనా కొనుక్కోవచ్చు. రాయా లుకారియా క్రిస్టల్ సొరంగంలో మామూలు రాళ్ళ మొదటి బేరింగ్, సెల్లియా క్రిస్టల్ సొరంగంలో సోంబర్ మొదటిది దొరుకుతాయి. డ్రాగన్ రాళ్ళు మాత్రం ఒక ఆటలో లెక్కకు ఉన్నన్నే. అందుకే +24 దగ్గర ఆగి కనీసం ఇద్దరు పెద్ద బాస్‌లను ఆ కత్తితోనే కొట్టి చూడమంటాను. ఆ చివరి మెట్టు లేకపోయినా ఆట ఆగదు. ఇంకో మాట, అక్కడ కవచాన్ని అప్‌గ్రేడ్ చేసే పద్ధతే లేదు. కాబట్టి ఏది వేసుకుంటే అందంగా ఉంటే అది వేసుకోండి, బరువు చూసుకుంటే చాలు.

లాటరీ సరుకు

రాక్షస జంతువులను వేటాడి వాటి ముక్కలతో ఆయుధాలు, కవచాలు చేసుకునే మాన్‌స్టర్ హంటర్ ఆడేవాళ్ళ బాధ ఇది. ఒక కవచానికి అన్నీ దొరుకుతాయి, చివరి మణి ఒక్కటి దొరకదు. దాని అవకాశం నూటికి ఒకటో రెండో మూడో ఉంటుంది. పైఇంటి అన్న ఒకడు "నూటికి రెండంటే యాభై సార్లు ఆడితే వస్తది కదా" అని లీవు పెట్టి మరీ కూర్చున్నాడు. రాదన్నా, గ్యారంటీ లేదన్నా. నూటికి రెండు అవకాశం ఉన్నది యాభై సార్లు ఆడినా ఒక్కటి కూడా దొరకనివాళ్ళు నూటికి 36 మంది ఉంటారు. వంద సార్లు ఆడినా 13 మందికి రాదు. అన్న ఆ 36 మందిలో ఉన్నాడు, లీవు అయిపోయింది.

ఇక్కడ ఎంపిక చాలా సులువు. రెండు ఆయుధాల మధ్య ఊగుతున్నప్పుడు, ఒకదానికి ఆ మణి కావాలి, ఇంకోదానికి అక్కర్లేదు అంటే, ముందు అక్కర్లేనిది చేసుకుని దాంతో వేటాడండి. దొరికిన రోజు మార్చుకోవచ్చు. ఆ మణి కోసమే ఆట అంతా ఆపుకుని కూర్చోవడమంత దండగ పని ఇంకోటి లేదు.

ఓపిక ఉన్నవాడిది

స్కైరిమ్ ఈ రకం. ఎబొనీ, డేడ్రిక్, డ్రాగన్ కవచాల్లో ఏది మంచిదని ఇప్పటికీ వాదించుకుంటారు. స్మితింగ్ (కమ్మరి నైపుణ్యం) 80 దగ్గర ఎబొనీ, 90 దగ్గర డేడ్రిక్, 100 దగ్గర డ్రాగన్ పెర్క్ (వాటిని చేసే విద్య) తెరుచుకుంటాయి. వంటి కవచం మొదటి విలువ చూస్తే ఎబొనీ 43, డ్రాగన్‌ప్లేట్ 46, డేడ్రిక్ 49. డేడ్రిక్ గెలిచింది, ఆట అయిపోయింది అనుకుంటారు.

అసలు సంగతి వేరే. ఆ గేమ్‌లో కవచం ఎంత పెరిగినా దెబ్బ 80 శాతానికి మించి తగ్గదు. షీల్డ్ లేకుండా నాలుగు ముక్కలూ వేసుకుంటే 567 దగ్గరే ఆ గీత వచ్చేస్తుంది. స్మితింగ్ వందకు చేరి, వర్క్‌బెంచ్ దగ్గర బాగా పదును పెట్టుకుంటే ఎబొనీతోనే అక్కడికి చేరొచ్చు. గీత దాటాక డేడ్రిక్ మీద పెట్టిన ప్రతి డేడ్రా గుండె (దాని తయారీకి కావాల్సిన సరుకు) దండగే. ఎబొనీ రెండు ఖనిజాలకు ఒక కడ్డీ, విండ్‌హెల్మ్ దగ్గర నార్జుల్‌బర్‌లోని గ్లూంబౌండ్ గనిలో తవ్వుకోవచ్చు. డ్రాగన్ ఎముక ఒక్కోటి 15 బరువు, పొలుసు 10. మూడు డ్రాగన్లను చంపితే మీరు నడవలేరు, అక్కడే కొన్ని పారేసి రావాలి. నా ఓటు ఎబొనీకే. ఆయుధం దగ్గర మాత్రం డ్రాగన్‌బోన్‌కి, అది డాన్‌గార్డ్ డీఎల్‌సీ (ఆటకు అదనపు భాగం) ఉంటేనే దొరుకుతుంది. ఆయుధానికి పై గీత లేదు కాబట్టి అక్కడ ఎబొనీ కత్తి 13కీ డ్రాగన్‌బోన్ కత్తి 15కీ తేడా నిజమైన తేడా.

మైన్‌క్రాఫ్ట్‌లో నెదరైట్ అనే అరుదైన లోహం గురించి మా తమ్ముడి దోస్తులు అడుగుతుంటారు, రెండు ముక్కల్లో చెప్తా. నాలుగు స్క్రాప్, నాలుగు బంగారు కడ్డీలు కలిస్తే ఒక కడ్డీ. 1.20 నుంచి అప్‌గ్రేడ్ టెంప్లేట్ కూడా కావాలి. మొదటి టెంప్లేట్‌ని వాడేయకుండా ఏడు వజ్రాలు పెట్టి ఇంకోటి చేసుకోండి. మొదటి కడ్డీ పికాక్స్‌కి పెట్టండి, రోజూ అరిగేది అదే.

టేబుల్ మీద పాచికలతో

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎంపిక ఇంకా ఇష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఎదురుగా కథ నడిపే మనిషి (డంజన్ మాస్టర్, అంటే డీఎం) ఉంటాడు, బేరం ఆడొచ్చు. మేము ఆడేది 2014 ఐదో ఎడిషన్. అందులో అడమంటైన్ కవచం వేసుకుంటే మీ మీద పడే క్రిటికల్ మామూలు దెబ్బ అయిపోతుంది. మిత్రల్‌తో చేసిన చైన్ షర్ట్, బ్రెస్ట్‌ప్లేట్ అయితే బట్టల కింద వేసుకోవచ్చు, ఏ మిత్రల్ కవచానికైనా బలం ఇంత ఉండాలన్న నియమం పోతుంది, చప్పుడు చేస్తుందన్న పెనాల్టీ పోతుంది. రెండింటికీ అట్యూన్‌మెంట్ (వస్తువుతో మాయబంధం పెట్టుకోవడం) అక్కర్లేదు. ఒక మనిషికి మూడే అట్యూన్‌మెంట్‌లు కాబట్టి ఇది చాలా పెద్ద సౌకర్యం. డ్రాగన్ పొలుసుల కవచం గొప్పదే, కానీ ఆ మూడింట్లో ఒకటి తినేస్తుంది, స్కేల్ మెయిల్ కాబట్టి చప్పుడూ చేస్తుంది. మీ కథలో డ్రాగన్ లేకపోతే దాని జోలికి పోకండి.

మా టేబుల్ మీద మిత్రల్ గెలిచింది. ప్లేట్ కవచానికి 15 బలం కావాలి, నడిస్తే గుడి గంటలా మోగుతుంది. గుంపంతా చప్పుడు కాకుండా పోవాల్సి వస్తే సగం మంది గెలిస్తే చాలన్నది రూల్. మా ఐదుగురిలో ఇద్దరు ఇనుప మనుషులు. వాళ్ళిద్దరూ ఓడిపోతే మిగతా ముగ్గురిలో ఒక్కడు తప్పినా అందరం దొరికిపోతాం. ఒక్క మిత్రల్ ప్లేట్ వచ్చాక కోట గోడలు ఎక్కడం మొదలుపెట్టాం. మీ డీఎం ఎప్పుడూ ఎదురెదురు యుద్ధాలే పెట్టేవాడైతే అడమంటైన్ తీసుకోండి. ముందు మనిషిని చూసి తర్వాత లోహం చూడాలి.

వెండి గురించి ఒక మాట. ఆయుధానికి వెండి పూత వంద బంగారు నాణేలు. తోడేలు మనుషుల లాంటి వాళ్ళ మీద పనిచేస్తుంది. ఒక్కసారి మాయాయుధం చేతికొచ్చిందంటే ఆ పూతతో పని ఉండదు, అది కూడా వాళ్ళకు తగులుతుంది. కాబట్టి మొదటి లెవెళ్ళలోనే, అదీ ఒక్క ఆయుధానికే. పూర్తి వెండి కత్తి కావాలని అడిగే కొత్తవాళ్ళకి నేను కరీంనగర్ ఫిలిగ్రీ చూడమంటాను. వెండిని దారంలా సాగదీసి అల్లుతారు. అంత మెత్తని దాంతో కత్తి చేస్తే మొదటి పోరాటంలోనే వంకర పోతుంది.

మా ఊరి లోహం

గత ఏడాది నేనే డీఎంగా కూర్చున్నప్పుడు అడమంటైన్, మిత్రల్ పేర్లు పక్కన పెట్టి ఉక్కు పెట్టాను. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, నిర్మల్ చుట్టుపక్కల ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవాళ్ళు. పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. దానితో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి, పడమటి దేశాల్లో వాటినే డమాస్కస్ కత్తులన్నారు. అందులో చమత్కారం ఏమిటంటే ఆ సరుకు ఏ గనిలోనూ ఉక్కుగా దొరకదు. మామూలు ఇనుము, కార్బన్ కోసం కట్టె, ఆకు, మట్టి మూస. మూస మూసేసి గంటల తరబడి కాల్చి, నిదానంగా చల్లారనివ్వాలి. తొందరపడితే పోయింది. తర్వాత కత్తిగా సాగదీసేటప్పుడు కూడా ఎక్కువ కాలిస్తే ముక్కలైపోతుంది.

పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో కొలిమి ముందు కూర్చున్నది నాకు ఇంకా గుర్తే. కోతలకు ముందు కొడవళ్ళు వరసగా పెట్టేవాళ్ళు. కమ్మరి తాత ఇనుమును నిప్పుల్లోంచి తీసి వెంటనే ముంచేవాడు కాదు. పట్టుకారుతో ఎత్తి నీడలో పెట్టి రంగు చూసేవాడు. ఎరుపు కొంచెం దిగాక, పళ్ళున్న అంచు మాత్రమే నీళ్ళలో పెట్టి చుయ్‌మనిపించి తీసేసేవాడు. వెన్ను అలాగే వదిలేసేవాడు. అంచు గట్టిగా, వెన్ను సాగేలా ఉండాలట. "మొత్తం ముంచితే ఇరుగుతది బిడ్డా" అనేవాడు.

అందుకే నా ఆటలో ఉక్కు నిధిగా దొరకదు. మూడు పరీక్షలు గెలిస్తే వస్తుంది: మంచి ఇనుము ఎంచుకోవడం, మంట నిలబెట్టడం, చల్లారేదాకా ఆగడం. మూడోది ఓడిపోతే మిగిలేది మామూలు గట్టి ఇనుము. గెలిస్తే ఆ ఆయుధం దెబ్బ పాచికల్లో 1 పడినప్పుడు ఒకసారి మళ్ళీ వేసుకోవచ్చు. ఎనిమిది ముఖాల పాచికకు ఇది సగటున 0.44 పెంచుతుంది, పన్నెండు ముఖాలకు 0.46. అంటే +1 ఆయుధం (గురికీ దెబ్బకీ ఒకటి కలిపే మాయాయుధం) కన్నా తక్కువ, మామూలు దాని కన్నా ఎక్కువ. మొదటి మూడు లెవెళ్ళకి సరిగ్గా సరిపోతుంది, ఆట చెడదు. మీ టేబుల్‌కి తీసుకుపోతే నేను ఏమీ అనుకోను.

అడమంటైన్ ఆయుధంతో పోలిస్తే? రూల్ ప్రకారం దానికి 500 నాణేలు అదనం, వస్తువులను పగలగొట్టడానికే దాని గొప్పంతా. డబ్బుంటే కొనుక్కోవచ్చు. ఉక్కుకి ఆటలో ఐదు రోజులు కూర్చోవాలి. కథ తొందరలో ఉన్న గుంపుకి ఉక్కు పెట్టకండి, విసుక్కుంటారు. ఊరు కట్టుకుని, కమ్మరిని పరిచయం చేసుకుని, నిదానంగా ఆడే గుంపుకి పెట్టండి. ఆదిలాబాద్ డోక్రా పద్ధతి కూడా ఒకసారి పెట్టాను. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోస్తారు, చివర మట్టి అచ్చు పగలగొడతారు కాబట్టి ఏ రెండూ అచ్చం ఒకేలా రావు. ఒక్కటే ఉండాల్సిన తాయెత్తులకి, కత్తి పిడులకి అది బాగా కుదిరింది. కత్తి అలుగుకి వద్దు.

పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. ఒక గుడి దగ్గర "నిలువెత్తు బంగారం మొక్కు చెల్లిస్తే ద్వారం తెరుచుకుంటుంది" అని రాశాను. హైదరాబాద్ నుంచి కొత్తగా చేరిన ఫ్రెండ్ గంటసేపు రాజు ఖజానా కొల్లగొట్టే ప్లాన్ వేశాడు. మేడారం జాతర చూసిన మిగతా నలుగురూ నోరు మెదపలేదు. చివరికి ఒకడు లేచి, "అంగడికి పోయి బెల్లం కొంటున్న, ఎంత రేటు డీఎం సాబ్?" అని అడిగాడు.

ఇప్పుడు వాళ్ళ దగ్గర ఒక ఉక్కు ముద్ద మిగిలి ఉంది. పాలడిన్ ఖడ్గం అంటున్నాడు, రోగ్ బాకు అంటున్నాడు. నా సలహా అడిగారు. రోజుకు ఎక్కువ పాచికలు వేసేది ఎవరో లెక్క పెట్టుకోమన్నాను. రోగ్ స్నీక్ అటాక్ (చాటు దెబ్బకు అదనంగా వేసే) పాచికలకు కూడా ఈ రూల్ వర్తిస్తుందా అని అప్పుడు అడిగాడు. వర్తించదు, ఆయుధం పాచికకే. వాడి ముఖం చూస్తే జాలేసింది కానీ, వర్తిస్తే లెవెల్ పెరిగేకొద్దీ లెక్క చేయి దాటిపోతుంది. వచ్చే ఆదివారం కొలిమి రాజేస్తున్నారు.